నచ్చేవి, నెగ్గేవి: ఆస్కార్ అంచనాల కుక్కుట శాస్త్రం

2025 మార్చి 3, సోమవారం. తెల్లవారుజామున అయిదున్నరకి, అంటే లాస్ ఏంజెలెస్‌లో ఇంకా ఆదివారం సాయంత్రం ఉండగానే, 97వ ఆస్కార్ వేడుక మొదలైంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. నేనొక్కణ్ణే టీవీ సౌండు తగ్గించి, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, ఒక్కో అవార్డుకీ టిక్కో ఇంటూనో కొట్టుకుంటూ కూర్చున్నాను. అంతా అయ్యేసరికి తొమ్మిది దాటింది. ఛానల్ మారిస్తే తెలుగు న్యూస్‌లో ఇంకో లెక్కింపు నడుస్తోంది. ఫిబ్రవరి 27న రెండు రాష్ట్రాల్లోనూ జరిగిన ఎమ్మెల్సీ ఎన్నికల ఓట్లవి. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాళ్లని ఒక్కొక్కర్నే తీసేస్తూ, వాళ్ల ఓట్లని రెండో ప్రాధాన్యానికి పంచుతూ పోతారని యాంకర్ ఓపిగ్గా చెబుతోంది.

నవ్వొచ్చింది. అంతకు కొద్ది నిమిషాల ముందు ‘అనోరా’ని ఉత్తమ చిత్రంగా తేల్చిన లెక్క కూడా అచ్చంగా అదే.

ఏటా జనవరిలో ఆ నోటుపుస్తకంలో ఒక పేజీకి నిలువుగా గీత గీస్తాను. ఎడమ పక్క ‘నచ్చేవి’. నాకే ఓటుంటే ఎవరికి వేస్తానో అక్కడ రాస్తాను. కుడి పక్క ‘నెగ్గేవి’. వేడుక రాత్రి కవరు చింపినప్పుడు ఎవరి పేరు వస్తుందనుకుంటున్నానో అక్కడ. మొదట్లో రెండు పక్కలా దాదాపు ఒకటే పేర్లుండేవి. నాకు నచ్చిన సినిమా నెగ్గదని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఫలితంగా కుడి పక్క ఇంటూల వరస. కొన్నేళ్లకి ఒళ్లు మండి అసలు సంగతి పట్టుకున్నాను. కుడి పక్క నింపేటప్పుడు సినిమాల గురించి ఆలోచించకూడదు. ఓటేసేవాళ్ల గురించి ఆలోచించాలి. వాళ్లెవరు, ఏ రకం చీటీ మీద వేస్తున్నారు, ఏ తారీఖులోపు వేస్తున్నారు అన్నది చూసుకోవాలి. సినిమా ఎంత బాగుందన్నది ఎడమ పక్క సంగతి.

2025 పేజీ చూడండి. ఉత్తమ చిత్రం: ఎడమ పక్క ‘నికెల్ బాయ్స్’, కుడి పక్క ‘అనోరా’. 1960ల నాటి ఫ్లోరిడాలో, దిద్దుబాటు బడి పేరుతో నల్లజాతి కుర్రాళ్లని నలిపేసిన చోట జరిగే కథ ‘నికెల్ బాయ్స్’. దర్శకుడు రామెల్ రాస్ దాదాపు సినిమా అంతా ఆ కుర్రాళ్ల కళ్లలోంచే చూపిస్తాడు. వాళ్లు తల దించుకుంటే మనకి నేల కనిపిస్తుంది. వాళ్లలో ఒకడి బామ్మ దగ్గరికి తీసుకుంటే ఆమె భుజం వచ్చి మన మొహానికి తగులుతుంది. సినిమాకి ఉత్తమ చిత్రం, అనుసరణ స్క్రీన్‌ప్లే, రెండే నామినేషన్లు దక్కాయి. అలా చూపించిన కెమెరామన్ జోమో ఫ్రేకి ఛాయాగ్రహణంలో నామినేషనే లేదు. దానికి నేను ఇప్పటికీ సర్దుకోలేదు.

ఉత్తమ నటుడు: ఎడమ పక్క ‘సింగ్ సింగ్’లో కోల్మన్ డొమింగో, కుడి పక్క ‘ది బ్రూటలిస్ట్’లో ఏడ్రియన్ బ్రోడీ. నటి: ఎడమ పక్క బ్రెజిల్ సినిమా ‘ఐయామ్ స్టిల్ హియర్’లో ఫెర్నాండా టోరెస్, కుడి పక్క ‘ది సబ్‌స్టెన్స్’లో డెమీ మూర్. దర్శకత్వం: ఎడమ పక్క ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ తీసిన పాయల్ కపాడియా, కుడి పక్క ‘అనోరా’ తీసిన షాన్ బేకర్. మొత్తం 23 విభాగాల్లో కుడి పక్క 16 టిక్కులు పడ్డాయి. ఎడమ పక్క ఎన్ని పడ్డాయో అడక్కండి.

చీటీలు మూడు రకాలు

ఆస్కార్ అంటే ఒక ఎన్నిక అనుకుంటాం. నిజానికి మూడు. మూడింటికీ గెలిచే సూత్రాలు వేరు.

ఆస్కార్ ఇచ్చే అకాడమీలో ఓటున్న సభ్యులు పదివేలకి కాస్త అటూ ఇటూ ఉంటారు. నటులు, దర్శకులు, ఎడిటర్లు, సౌండ్ వాళ్లు, కాస్ట్యూమ్ వాళ్లు, ఇలా శాఖలు. అందరికంటే పెద్దది నటుల శాఖ. నామినేషన్ల దగ్గర ఎవరి శాఖ వాళ్లదే. ఎడిటర్లని ఎడిటర్లే ఎంచుతారు, సంగీతాన్ని సంగీతం వాళ్లే ఎంచుతారు. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరూ పేర్లు రాస్తారు. సభ్యుడు తన చీటీ మీద వరస రాస్తాడు, మొదటిది, రెండోది, అలా. అయిదు సీట్లకి కోటా ఎంతంటే, పడిన చీటీలని ఆరుతో భాగించి, దాన్ని దాటిన సంఖ్య. వెయ్యి మంది ఓటేస్తే 167. అంటే నామినేషన్ కావాలంటే అందరికీ నచ్చక్కర్లేదు. తమ చీటీ మీద మొదటి పేరుగా రాసే గట్టి గుంపు ఒకటుంటే చాలు. దర్శకుల శాఖ ఏటా ఎవరూ ఊహించని పేరు ఒకటి తెస్తుందని అంటుంటారే, దాని వెనక ఉన్నది ఈ లెక్కే. 2025లో ‘కాన్‌క్లేవ్’ తీసిన ఎడ్వర్డ్ బెర్గర్, ‘డ్యూన్’ రెండో భాగం తీసిన డెనీ విలెన్యూవ్ ఇద్దరూ బయట ఉండిపోయి, ‘ది సబ్‌స్టెన్స్’ అనే ఒళ్లు గగుర్పొడిచే సినిమా తీసిన కొరాలీ ఫార్జా లోపలికి వచ్చింది. ఆ సినిమాని సగం మంది సగంలో ఆపేసి ఉంటారు. మిగతా సగంలో కొందరు మొదటి పేరుగా రాసి ఉంటారు. ఆ కొందరే లెక్క.

రెండో ఎన్నిక, నామినేషన్లు అయ్యాక. ఇక్కడ శాఖల గోడలు ఉండవు. ఉత్తమ సౌండ్‌కి కాస్ట్యూమ్ డిజైనర్ కూడా ఓటేస్తాడు, ఉత్తమ కాస్ట్యూమ్స్‌కి నిర్మాత కూడా ఓటేస్తాడు. ఇది మన అసెంబ్లీ ఎన్నికలాంటిదే, ఎవరికి ఎక్కువ పడితే వాళ్లే. అయిదుగురిలో పాతిక శాతం తెచ్చుకున్నా నెగ్గొచ్చు. పని తెలిసినవాళ్లు నామినేట్ చేస్తే, పని తెలియనివాళ్లు కూడా కలిసి గెలిపిస్తారన్నమాట. అందుకే ఎడిటింగ్ అవార్డు చాలాసార్లు మంచి ఎడిటింగ్‌కి కాక ఎక్కువ ఎడిటింగ్‌కి పోతుంది. నటనలో కూడా ‘ఎక్కువ నటన’ నెగ్గుతుందని ఒక మాట ఉంది. కాదనను.

మూడోది ఉత్తమ చిత్రం. తుది అవార్డుల్లో ఇదొక్కటే ఎమ్మెల్సీ ఎన్నిక. 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’కి ఉత్తమ చిత్రం నామినేషన్ రాకపోవడం మీద పెద్ద గోలే అయింది. తర్వాతి ఏడు అకాడమీ నామినేషన్లని అయిదు నుంచి పదికి పెంచింది. పది సినిమాల మధ్య ఓట్లు చీలితే పన్నెండో పదమూడో శాతంతో ఒకటి నెగ్గే ప్రమాదం ఉంది. అందుకని 2010 వేడుక నుంచి ప్రాధాన్య ఓటు పెట్టారు. సభ్యుడు పది సినిమాలకీ ఒకటి నుంచి పది దాకా వరస రాయొచ్చు.

దీన్ని మా ఇంట్లో ఒక పెళ్లికి ముందురోజు టిఫిన్ మీద ప్రయోగించి చూపించాను. ఇరవై మంది చుట్టాలు, నాలుగు రకాలు. చీటీల మీద వరసలు రాయించాను. మొదటి ప్రాధాన్యంలో పెసరట్టుకి 8, దోశకి 5, ఇడ్లీకి 4, పూరీకి 3. మామూలు ఎన్నికైతే పెసరట్టు నెగ్గి ఇంటికి పోయేది. మా మావయ్య అప్పటికే అల్లం పచ్చడికి పురమాయించేశాడు కూడా. కానీ నెగ్గాలంటే 11 కావాలి. అందరికంటే వెనకున్న పూరీని తీసేశాను. పూరీ వాళ్లు ముగ్గురూ రెండో పేరుగా ఇడ్లీ రాశారు. ఇడ్లీ 7కి వచ్చింది. ఇప్పుడు వెనకబడింది 5 ఓట్ల దోశ. దాన్ని తీసేస్తే ఆ అయిదుగురిలో నలుగురు ఇడ్లీకి, ఒకరు పెసరట్టుకి. ఇడ్లీ 11, పెసరట్టు 9. మొదట్లో మూడో స్థానంలో ఉన్న ఇడ్లీ నెగ్గింది. పెసరట్టు ఇష్టపడేవాళ్లకి అదంటే ప్రాణం. మిగతావాళ్లకి మాత్రం పొద్దున్నే ఆ అల్లం, ఆ పచ్చిమిర్చి వద్దు. ఇడ్లీ అంటే ఎవరికీ ప్రాణం కాదు, ఎవరికీ గొడవా లేదు. మా మావయ్య ఈ పద్ధతే అన్యాయం అన్నాడు. ‘రోమా’ అభిమానులు 2019లో అన్నది కూడా అదే.

2019లో అల్ఫాన్సో క్వారోన్‌కి ఉత్తమ దర్శకుడు, ఛాయాగ్రహణం, విదేశీ భాషా చిత్రం, మూడూ ‘రోమా’కే వచ్చాయి. ఉత్తమ చిత్రం మాత్రం ‘గ్రీన్ బుక్’ పట్టుకుపోయింది. 2022లో ‘ది పవర్ ఆఫ్ ద డాగ్’కి 12 నామినేషన్లు. చివరికి దక్కింది జేన్ క్యాంపియన్‌కి దర్శకత్వం ఒక్కటే. మూడే నామినేషన్లతో వచ్చిన ‘కోడా’ మూడూ గెలిచి ఉత్తమ చిత్రం అయింది. ప్రాధాన్య ఓటు వచ్చాక 2025 దాకా జరిగిన 16 వేడుకల్లో ఆరుసార్లు దర్శకుడి అవార్డు ఒక సినిమాకి, చిత్రం అవార్డు ఇంకో సినిమాకి వెళ్లాయి. దర్శకుడిది మామూలు ఎన్నిక, చిత్రానిది ఎమ్మెల్సీ ఎన్నిక. రెండు రకాల చీటీలు ఉన్నప్పుడు రెండు రకాల జవాబులు రావడంలో వింతేముంది?

ఇక్కడ నా ఇడ్లీ సిద్ధాంతం మీద నేనే ఒక రాయి వేసుకోవాలి. ఆస్కార్ ఓట్ల అంకెలు ఎప్పుడూ బయటపెట్టరు. ఏ రౌండులో ఎవరు పోయారో, మొదటి ప్రాధాన్యంలో ఎవరు ముందున్నారో లెక్క వేసిన ఆడిట్ సంస్థ వాళ్లకే తెలుసు. 2020లో నెగ్గిన ‘పారసైట్’ ఇడ్లీ కాదు. 2023లో ఏడు అవార్డులు ఎత్తుకుపోయిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ అసలే కాదు, అది అన్నీ కలిపి కొట్టిన చాట్. అవి మొదటి రౌండులోనే ఎంత ముందుండి ఉంటాయో ఎవరికీ తెలియదు. ‘అందరికీ ఓ మోస్తరుగా నచ్చేదే నెగ్గుతుంది’ అని గుడ్డిగా రాసేవాళ్లు ‘పారసైట్’ ఏడాది దెబ్బ తిన్నారు. ఈ చీటీ చెప్పేది ఒక్కటే: గట్టి ప్రేమతో పాటు గట్టి వ్యతిరేకత కూడా ఉన్న సినిమాకి దారి ఇరుకు. ప్రేమ ఉండి వ్యతిరేకత లేకపోతే ఏ మసాలా అయినా పరవాలేదు.

ముందొచ్చే అవార్డుల్లో దేన్ని నమ్మాలి

ఆస్కార్‌కి ముందు రెండు నెలలు వారానికో అవార్డుల రాత్రి ఉంటుంది. ఈ సీజన్ సరిగ్గా సంక్రాంతి రోజుల్లో ఊపందుకుంటుంది కాబట్టి నాకెప్పుడూ కోడిపందేల బరి దగ్గరి మనుషులే గుర్తొస్తారు. గోదావరి వైపు పందేల్లో కుక్కుట శాస్త్రం చంకన పెట్టుకుని తిరిగేవాళ్లుంటారు. ఈ రోజు కాకి గెలుస్తుందా, డేగ గెలుస్తుందా, నెమలిని ఏ దిక్కు నుంచి దింపాలి అన్నీ అందులో ఉంటాయి. కోడి కాళ్లు గట్టిగా ఉన్నాయా లేదా అన్నది మాత్రం ఎవడూ చూడడు. ఆస్కార్ జ్యోతిష్యుల దగ్గర కూడా అలాంటి శాస్త్రం ఒకటుంది. ఎడిటింగ్ నామినేషన్ లేకపోతే ఉత్తమ చిత్రం రాదన్నారు. ‘బర్డ్‌మ్యాన్’ వచ్చి ఆ పేజీ చింపింది. నటుల సంఘం ఇచ్చే ‘ఉత్తమ తారాగణం’ నామినేషన్ లేకపోతే కుదరదన్నారు. ‘ది షేప్ ఆఫ్ వాటర్’ ఆ పేజీ చింపింది. ఇంగ్లీషు కాని సినిమాకి అసలు సాధ్యం కాదన్నారు. ఆ పేజీని ‘పారసైట్’ చింపింది. దర్శకత్వానికీ ఎడిటింగ్‌కీ రెండింటికీ నామినేషన్ లేకుండా ‘కోడా’ నెగ్గాక పుస్తకంలో అట్టలే మిగిలాయి.

శాస్త్రం పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడగాలి. ఈ అవార్డుకి ఓటేసినవాళ్లలో ఆస్కార్‌కి ఓటేసేవాళ్లు ఎంతమంది?

గోల్డెన్ గ్లోబ్స్‌కి ఓటేసేది జర్నలిస్టులు. క్రిటిక్స్ చాయిస్‌కి విమర్శకులు. వాళ్లలో ఆస్కార్ ఓటర్లు ఉండరు. ఆ అవార్డులు ఓటరుకి ఏం చూడాలో గుర్తుచేస్తాయి, అంతవరకే. నిర్మాతల సంఘం పీజీఏ, దర్శకుల సంఘం డీజీఏ, నటుల సంఘం శాగ్, వీటి సంగతి వేరు. అకాడమీ సభ్యులు కొందరు వీటిలోనూ ఉంటారు. అందులోనూ పీజీఏకి ఒక ప్రత్యేకత ఉంది. వాళ్లు కూడా ఉత్తమ చిత్రానికి అదే ప్రాధాన్య ఓటు వాడతారు. చీటీ ఒకటే కాబట్టి జవాబూ తరచు ఒకటే. రెండూ ఈ పద్ధతికి మారాక 16 సార్లలో తప్పింది మూడుసార్లే: ‘ది బిగ్ షార్ట్’ని కాదని ‘స్పాట్‌లైట్’, ‘లా లా ల్యాండ్’ని కాదని ‘మూన్‌లైట్’, ‘1917’ని కాదని ‘పారసైట్’. 2025 ఫిబ్రవరి 8న ఒకే రాత్రి పీజీఏ, డీజీఏ రెండూ ‘అనోరా’కి వెళ్లాయి. ఆ మర్నాడే నా కుడి పక్క ఖాయమైంది. అంతకుముందు జనవరిలో గ్లోబ్స్‌లో ‘ది బ్రూటలిస్ట్’, ‘ఎమీలియా పెరెజ్’ నెగ్గాయి, ‘అనోరా’కి సున్నా. ఆ రాత్రి కుడి పక్క మార్చేసినవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

శాగ్ అవార్డులకి ఓటు లక్షమందికి పైగా ఉంటుంది. అందులో అకాడమీ సభ్యులు ఏ మూలకో. బ్రిటన్ వాళ్ల బాఫ్టా ఒకప్పుడు ఇంటి బయటి చుట్టంలా ఉండేది. 2015, 2016ల్లో వరసగా రెండేళ్లు నటీనటుల నామినేషన్లు ఇరవైకి ఇరవై తెల్లవాళ్లకే వచ్చి, గొడవ ముదిరాక, అకాడమీ బయటి దేశాల వాళ్లని పెద్ద ఎత్తున చేర్చుకుంది. ఆ తర్వాత బాఫ్టా మాట చెల్లుబాటు పెరిగింది. 2021లో చాడ్విక్ బోస్‌మన్‌కి గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, శాగ్ మూడూ వచ్చాయి. ఆంథొనీ హాప్కిన్స్‌కి వచ్చింది బాఫ్టా. ఆస్కార్ నిర్వాహకులు కూడా బోస్‌మన్ పేరుతో ముగుస్తుందనుకున్నారో ఏమో, ఉత్తమ నటుడి అవార్డుని అన్నిటికంటే చివర పెట్టారు. కవరులో హాప్కిన్స్ పేరు వచ్చింది. ఆయన అక్కడ లేడు కూడా, వేల్స్‌లో నిద్రపోతున్నాడు.

ఈ పాఠం తెలిసి కూడా 2025లో నేను డెమీ మూర్ పేరు రాశాను. ఇది నా పేజీలో అన్నిటికంటే సిగ్గు పడాల్సిన ఇంటూ, కాబట్టి వివరంగా చెప్పుకుంటాను. మూర్‌కి గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, శాగ్ వచ్చాయి. ‘అనోరా’ నటి మైకీ మాడిసన్‌కి బాఫ్టా వచ్చింది. 2021 పటమే మళ్లీ గీసి నా ముందు పెట్టారు. అయినా నేను మూర్ వైపే పోయాను. కారణం ఆమె గ్లోబ్స్ ప్రసంగం. ముప్పై ఏళ్ల కిందట ఒక నిర్మాత తనని పాప్‌కార్న్ నటి అన్నాడని, ఆ మాటనే నమ్మి బతికానని ఆమె చెప్పిన తీరు చూస్తే ఎవరికైనా ఓటేయాలనిపిస్తుంది. అనిపించింది నాకు. ఓటు మాత్రం నాది కాదు.

రెండో తప్పు తారీఖులది. ఆ ఏడాది ఆస్కార్ తుది ఓటింగ్ ఫిబ్రవరి 11 నుంచి 18 దాకా. బాఫ్టా 16న, ఓటింగ్ ఇంకా తెరిచి ఉండగానే. శాగ్ అవార్డులు 23న, అంటే పెట్టెలు మూసేసిన అయిదు రోజులకి. శాగ్ చూసి ఒక్క ఆస్కార్ ఓటరు కూడా మనసు మార్చుకునే వీలు లేదు. నేను మాత్రం 23 రాత్రి మూర్ ప్రసంగం చూసి, మాడిసన్ పేరు కొట్టేసి, మూర్ పేరు రాశాను. ఆ కొట్టివేత ఇంకా అలాగే ఉంది. మూడోది, ‘అనోరా’ మీద గాలి ఎంత ఉందో తక్కువ అంచనా వేయడం. సుమారు 60 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమాకి అయిదు అవార్డులొచ్చాయి. అందులో నాలుగు, చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, షాన్ బేకర్ ఒక్కడి చేతికే. పదివేల మంది ఒక సినిమాని అలా ఎత్తుకున్నప్పుడు అందులోని నటిని కిందే వదిలేస్తారని ఎలా అనుకున్నానో.

ప్రచారం గురించి ఎంతైనా రాయొచ్చు, నేను రెండు ముక్కలతో సరిపెడతాను. విందులు, ప్రత్యేక షోలు, హోర్డింగులు, దర్శకుడితో ముచ్చట్లు, అన్నీ ఉంటాయి. 1999లో ‘సేవింగ్ ప్రైవేట్ రయన్’ని ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ ఓడించిన నాటి నుంచి ఆ ఖర్చు ఒక పరిశ్రమ అయిపోయింది. డబ్బు చూపించగలదు, చూశాక నచ్చేలా చేయలేదు. చెడగొట్టడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. 2025లో 13 నామినేషన్లతో అందరికంటే ముందు నిలిచిన ‘ఎమీలియా పెరెజ్’, నటి కార్లా సోఫియా గాస్కాన్ పాత ట్వీట్లు బయటపడ్డాక వారం తిరక్కుండా కుప్పకూలింది. చివరికి సహాయ నటి, పాట, రెండే. ఆ సహాయ నటి అవార్డు మీద కూడా నాకో పేచీ ఉంది. జోయీ సల్దాన్యా ఆ సినిమాలో హీరోయిన్. ‘ఎ రియల్ పెయిన్’లో కీరన్ కల్కిన్ ఇద్దరు హీరోల్లో ఒకడు. ఇద్దర్నీ సహాయ విభాగంలో దింపారు, ఇద్దరూ తేలిగ్గా నెగ్గారు. పెద్ద కుర్రాణ్ణి చిన్నపిల్లల పరుగుపందెంలో నిలబెట్టడం అది. కుడి పక్క ఇద్దరి పేర్లూ రాశాను, రెండు టిక్కులూ వచ్చాయి. సంతోషం మాత్రం రాలేదు.

ఇంకో ఇంటూ యానిమేషన్‌లో. ఎడమ పక్క లాత్వియా సినిమా ‘ఫ్లో’. ఒక్క మాట లేకుండా, వరదలో ఒక నల్ల పిల్లి ప్రయాణం. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేశారు. కుడి పక్క ‘ది వైల్డ్ రోబో’. పెద్ద స్టూడియోది, ఓటర్ల ఇళ్లలో పిల్లలు చూసి ఉండేది. నెగ్గింది ‘ఫ్లో’. చాలామంది ఓటర్లు యానిమేషన్ సినిమాలు చూడకుండానే ఓటేస్తారన్న లెక్కతో నేను రోబో వైపు పోయాను. చూసినట్టున్నారు. 2026 మార్చి వేడుకకి అకాడమీ ఒక నియమం తెచ్చింది. ఏ విభాగంలో ఓటేయాలన్నా అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. అకాడమీ సొంత స్ట్రీమింగ్ వేదికలో చూస్తే అదే నమోదవుతుంది. బయట చూస్తే ఎప్పుడు, ఎక్కడ చూశారో ఫారం నింపాలి. ఇన్నాళ్లూ ఈ నియమం లేదా అని మా ఆవిడ అడిగింది. లేదు. షార్ట్ ఫిల్మ్ విభాగాల్లో నేను బొమ్మా బొరుసూ వేసేది అందుకే.

మన దాకా వస్తే

మన జాతీయ అవార్డులకి ఇలాంటి అంచనాలు ఎందుకు కుదరవో ఇప్పుడు తేలిక. అక్కడ పదిమంది జ్యూరీ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారు. ముందు సూచనలుండవు, చీటీ లెక్కలుండవు. 2023 ఆగస్టులో అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడు అయినప్పుడు, ఒక తెలుగు నటుడికి అది మొదటిసారి అయినప్పుడు, ముందురోజు ఎవరూ రుజువులతో చెప్పలేకపోయారు. పదివేల మందిని గణితంతో పట్టుకోవచ్చు, పదిమందిని పట్టుకోలేం.

ఆస్కార్ ‘అంతర్జాతీయ చిత్రం’ విభాగంలో మనకి ఈ రెండు లోకాలూ ఢీకొంటాయి. దేశానికి ఒకటే సినిమా. మన దగ్గర ఫిల్మ్ ఫెడరేషన్ కమిటీ ఎంచుతుంది. 2024లో పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ కాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచింది. ముంబయిలో బతికే మలయాళీ నర్సుల కథ. కాన్స్ ప్రధాన పోటీలోకి భారతీయ సినిమా వెళ్లడమే ముప్పై ఏళ్లకి. కమిటీ ‘లాపతా లేడీస్’ని పంపింది. అది 15 సినిమాల తొలి జాబితాకే చేరలేదు. సహనిర్మాణంలో ఉన్న ఫ్రాన్స్ కూడా పాయల్ సినిమాని తన చివరి నాలుగింటిలో పెట్టుకుని, ఆఖరికి ‘ఎమీలియా పెరెజ్’ని పంపింది. అమెరికాలో విడుదలైంది కాబట్టి దర్శకత్వానికి పోటీలో ఉండే అర్హత పాయల్‌కి ఉంది. గ్లోబ్స్‌లో ఆ నామినేషన్ వచ్చింది కూడా. ఆస్కార్‌లో రాలేదు. నా ఎడమ పక్క ఆమె పేరు రాసింది అందుకే. కుడి పక్క రాయడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు.

‘ఆర్ఆర్ఆర్’ది కూడా ఇదే దారి, కానీ చివర వేరే మలుపు. 2022లో కమిటీ గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ని పంపింది. అమెరికా పంపిణీదారు ఊరుకోక, మిగతా విభాగాలన్నిటిలో సినిమాని పోటీకి పెట్టాడు. డిసెంబరులో న్యూయార్క్ విమర్శకులు రాజమౌళిని ఆ ఏటి ఉత్తమ దర్శకుడన్నారు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆస్కార్ దర్శకత్వం ఖాయం అన్నంత హడావుడి జరిగింది. అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు: ఆ విమర్శకుల్లో దర్శకుల శాఖ సభ్యులు ఎంతమంది? సున్నా. నామినేషన్ రాలేదు. వచ్చింది ఒక్కటి, ‘నాటు నాటు’కి.

ఆ ఒక్కటే కలిసొచ్చిందని నా లెక్క. పాట అవార్డు మామూలు ఎన్నిక, ఎవరికి ఎక్కువ పడితే వాళ్లే. ఇడ్లీ అవసరం లేదు, పెసరట్టు నెగ్గొచ్చు. అవతల లేడీ గాగా, రిహానా ఉన్నారు. అన్నేళ్లుగా నామినేట్ అవుతూ పోటీలో ఒక్కసారీ గెలవని డయాన్ వారెన్ కూడా ఉంది. ఇవన్నీ సినిమా చివర పేర్లు పడేటప్పుడో, నెమ్మదిగానో వినిపించే పాటలు. ‘నాటు నాటు’ కథ మధ్యలో, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అధ్యక్షుడి భవనం ముందు, ఇద్దరు హీరోలు భుజాలు పట్టుకుని ఆడే పాట. చూసినవాడు మర్చిపోడు. రెండో సంగతి, సినిమా నచ్చిన ఓటరుకి దాన్ని గౌరవించడానికి చీటీలో ఇంకో గడి లేదు. మొత్తం అభిమానం ఒక్క చోటే పడాలి. జనవరి 10న గ్లోబ్, ఆ వారంలోనే క్రిటిక్స్ చాయిస్ వచ్చాయి. ఓటేసినవాళ్లు వేరైనా, పాట సంగతి అందరి చెవినా పడింది. మార్చి 12 వేదిక మీద జరిగిన డాన్సు వల్లే గెలిచిందని మనవాళ్లు కొందరు ఇప్పటికీ అంటారు. ఓటింగ్ మార్చి 7నే అయిపోయింది. కీరవాణి, చంద్రబోస్ పేర్లు అయిదు రోజుల ముందే కవరులోకి వెళ్లిపోయాయి.

2023 పేజీ ఇప్పుడు నా ముందుంది. దర్శకత్వం వరసలో ఎడమ పక్క రాజమౌళి, కుడి పక్క ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ తీసిన డేనియల్ క్వాన్, డేనియల్ షైనర్ట్. పాట వరసలో రెండు పక్కలా ఒకటే పేరు. కవరు చింపిన ఆ పొద్దున కొట్టిన టిక్కు ఎంత గట్టిగా పడిందంటే, కాగితం ఇవతలకి దిగి 2022 పేజీ మీద అచ్చు పడింది. సరిగ్గా నేను ‘ది పవర్ ఆఫ్ ద డాగ్’ అని రాసుకున్న గడి మీద.